డాక్టర్ కావాలనుకుంటే టీబీ అడ్డొచ్చింది.. సిగరెట్ గుట్టును లెక్కలతో విప్పిన బ్రాడ్‌ఫోర్డ్ హిల్ కథ ఇదీ!

సినిమా హాల్లో లైట్లు ఆరగానే హీరో ఎంట్రీ కంటే ముందు తెర మీదకు వచ్చేది ఏంటి? పొగాకు హెచ్చరిక. సిగరెట్ ప్యాకెట్ చేతిలోకి తీసుకుంటే బ్రాండ్ పేరు కంటే పెద్దగా కనిపించేది ఏంటి? అదే హెచ్చరిక. సిగరెట్ తాగితే క్యాన్సర్ వస్తుందని ఇవాళ స్కూల్ పిల్లాడిని అడిగినా చెప్తాడు. కానీ 1950కి ముందు ఈ మాటను చాలామంది డాక్టర్లే నమ్మేవారు కాదు. వాళ్లలో ఎక్కువమంది సిగరెట్ తాగేవారు కూడా.

మరి ఆ మాటను రుజువు చేసి చూపించింది ఎవరు? ఇద్దరు. అందులో ఒకరు డాక్టర్ రిచర్డ్ డోల్. రెండో ఆయన డాక్టర్ కాదు. మెడిసిన్ చదవాలని కలలు కన్నా ఒక్కరోజు కూడా మెడికల్ కాలేజీలో స్టూడెంట్‌గా కూర్చోలేకపోయారు. ఆయన చేతిలో ఉన్నది స్టెతస్కోప్ కాదు, లెక్కల పుస్తకం. ఆయనే సర్ ఆస్టిన్ బ్రాడ్‌ఫోర్డ్ హిల్.

ఇవాళ ఒక కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చే పద్ధతి వెనుక, ఒక జబ్బుకు అసలు కారణం ఏంటో తేల్చే పద్ధతి వెనుక ఈయన చెయ్యి ఉంది. ఇంతకీ ఎవరీ హిల్? ఆయన జీవితంలో ఏం జరిగింది?

పైలట్‌గా వెళ్లి.. పేషెంట్‌గా తిరిగొచ్చి

1897 జులై 8న లండన్‌లోని హ్యాంప్‌స్టెడ్‌లో హిల్ పుట్టారు. తండ్రి సర్ లెనార్డ్ హిల్ పేరున్న ఫిజియాలజిస్ట్. బ్రిటన్‌లో పెన్నీ పోస్ట్ తెచ్చిన రోలాండ్ హిల్ కూడా ఈ కుటుంబం వాడే. ఇంట్లో చదువుకు లోటు లేదు. తండ్రిలాగే తానూ వైద్యరంగంలోకి వెళ్లాలన్నది ఆ అబ్బాయి కోరిక.

కానీ అప్పుడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. హిల్ బ్రిటన్ నౌకాదళ వైమానిక విభాగంలో పైలట్‌గా చేరారు. ఏజియన్ సముద్రం వైపు పంపించారు. అక్కడ ఆయన్ని శత్రువు తూటా ఏమీ చేయలేదు. ఊపిరితిత్తుల్లో చేరిన టీబీ మాత్రం కూలదోసింది. 1917లో, సరిగ్గా 20 ఏళ్ల వయసులో, సైన్యం నుంచి ఇంటికి పంపేశారు.

ఇవాళ టీబీ అంటే ఆరు నెలల మందులు. అప్పట్లో అలా కాదు. మందే లేదు. మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి.. అంతే. బతికితే అదృష్టం. హిల్ రెండేళ్లు హాస్పిటల్‌లో గడిపారు. ఆ తర్వాత కోలుకోవడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆయన బతుకుతారన్న ఆశ ఎవరికీ పెద్దగా లేదు. మెడిసిన్ చదువు సంగతి అక్కడితో ముగిసిపోయింది.

మంచం మీద నుంచే డిగ్రీ

కాలేజీకి వెళ్లే ఓపిక లేదు. మరి ఖాళీగా పడుకుని ఏం చేయాలి? దూరవిద్యలో చదవగలిగే సబ్జెక్ట్ ఏదో చూసుకున్నారు. అలా దొరికింది ఎకనామిక్స్. 1922లో లండన్ యూనివర్సిటీ డిగ్రీ చేతికొచ్చింది. నిజానికి ఎకనామిస్ట్ కావాలని ఆయనకు ఏ కోశానా లేదు.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. తండ్రి స్నేహితుడు మేజర్ గ్రీన్‌వుడ్ అప్పటికే జబ్బుల లెక్కలు తీసే పనిలో ఉన్నారు. మేజర్ అనేది ఆయన హోదా కాదు, పేరే అది. ఆయన హిల్‌ను తన దారిలోకి తెచ్చారు. వైద్యుడు కాలేకపోయిన కుర్రాడికి వైద్యంలోకి పక్క గుమ్మం ఒకటి తెరుచుకుంది. మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఇచ్చిన డబ్బుతో ఎసెక్స్ పల్లెటూళ్లు తిరుగుతూ అక్కడి యువతలో మరణాలు ఎందుకు ఎక్కువగా ఉన్నాయో ఆరా తీశారు. లండన్ యూనివర్సిటీ కాలేజీకి వెళ్లి కార్ల్ పియర్సన్ దగ్గర స్టాటిస్టిక్స్ పాఠాలు విన్నారు.

తర్వాత లాంకషైర్ పత్తి మిల్లులు. అక్కడ పత్తి దుమ్ములో పనిచేసే కార్మికులు ఎంత తరచుగా జబ్బు పడుతున్నారో లెక్క తీశారు. ఒక్కొక్క కార్మికుడి రికార్డు పట్టుకుని కూర్చోవడం.. చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ ఆ అంకెల వెనుక దగ్గుతున్న మనిషి ఉన్నాడని, నాలుగేళ్లు జబ్బుతో పోరాడిన హిల్‌కు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

డాక్టర్లకు పాఠం చెప్పిన నాన్ డాక్టర్

1933 నాటికి ఆయన లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో రీడర్ అయ్యారు. 1937లో లాన్సెట్ పత్రిక ఆయనతో ఒక వ్యాసాల సిరీస్ రాయించింది. డాక్టర్లకు లెక్కలంటే భయం. ఆ భయం పోగొట్టేలా, ఫార్ములాలు తగ్గించి, మామూలు మాటల్లో రాయడమే హిల్ స్టైల్. ఆ వ్యాసాలే ప్రిన్సిపుల్స్ ఆఫ్ మెడికల్ స్టాటిస్టిక్స్ అనే పుస్తకంగా వచ్చి, దశాబ్దాల పాటు ఎడిషన్ మీద ఎడిషన్ అమ్ముడైంది.

1945లో గ్రీన్‌వుడ్ రిటైర్ కాగానే ఆ ప్రొఫెసర్ కుర్చీ హిల్‌కు దక్కింది. అప్పటికి ఆయన వయసు 48. అసలు కథ మొదలైంది ఆ తర్వాతే.

సీల్డ్ కవర్‌లో చికిత్స.. 107 మంది జీవితాలు

1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ అనే మందు కనిపెట్టారు. టీబీ క్రిములను చంపుతోందని వార్త. ప్రపంచమంతా ఎగబడింది. కానీ బ్రిటన్ అప్పుడే యుద్ధం నుంచి బయటపడింది. ఖజానాలో డాలర్లు లేవు. దిగుమతి చేసుకున్న మందు కొద్దిమందికే సరిపోతుంది. ఆ కొద్దిమంది ఎవరు?

ఒక్కసారి ఆలోచించండి. మీరే డాక్టర్ అయితే ఏం చేస్తారు? బాగా ముదిరిన వాళ్లకు ఇస్తారా? బతికే అవకాశం ఉన్నవాళ్లకు ఇస్తారా? తెలిసినవాళ్లకు ఇస్తారా? ఎలా ఇచ్చినా ఒక చిక్కుంది. బతికే అవకాశం ఉన్నవాళ్లకే ఇస్తే వాళ్లు ఎలాగూ బతుకుతారు, క్రెడిట్ మాత్రం మందుకు పోతుంది. ముదిరినవాళ్లకే ఇస్తే మంచి మందుకు కూడా చెడ్డపేరు వస్తుంది.

హిల్ దీనికి ఒక దారి చూపించారు. ఎవరికి మందు, ఎవరికి విశ్రాంతి మాత్రమే అన్నది డాక్టర్ చేతిలో పెట్టొద్దు. పేషెంట్ చేతిలోనూ పెట్టొద్దు. యాదృచ్ఛిక అంకెల పట్టికకు వదిలేయాలి. ఆ నిర్ణయాన్ని సీల్డ్ కవర్లో పెట్టాలి. పేషెంట్‌ను ట్రయల్‌లోకి తీసుకున్నాకే కవర్ తెరవాలి. అప్పుడు రెండు గ్రూపుల మధ్య ఉండే ముఖ్యమైన తేడా మందు ఒక్కటే. ఎక్స్‌రేలు చూసే నిపుణులకు కూడా ఎవరు ఏ గ్రూపో చెప్పలేదు.

1947లో ట్రయల్ మొదలైంది. మొత్తం 107 మంది పేషెంట్లు. అందరూ 15 నుంచి 30 ఏళ్ల లోపు వాళ్లే. అంటే హిల్ మంచం పట్టిన వయసువాళ్లు! 55 మందికి స్ట్రెప్టోమైసిన్ ఇచ్చారు. 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఒకప్పుడు హిల్‌కు దక్కింది కూడా దాదాపు అదే.

ఆరు నెలల తర్వాత లెక్క తేలింది. మందు తీసుకున్న 55 మందిలో చనిపోయింది నలుగురు. విశ్రాంతి మాత్రమే తీసుకున్న 52 మందిలో 14 మంది. 1948 అక్టోబర్ 30న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ఫలితాలు వచ్చాయి. వైద్య చరిత్రలో ఆధునిక ర్యాండమైజ్డ్ ట్రయల్‌కు మైలురాయిగా దీన్నే చెప్పుకుంటారు.

మరి ఆ 52 మందికి మందు ఇవ్వకపోవడం అన్యాయం కాదా? ఈ ప్రశ్న అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ వస్తుంది. హిల్ వాదన సింపుల్. మందు అందరికీ సరిపడా లేదు. పైగా అది నిజంగా పనిచేస్తుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు సరిగ్గా తెలుసుకునే ప్రయత్నం చేయకపోవడమే అసలు తప్పు. ఇంకో మాట.. కొన్ని నెలలకే క్రిములు ఆ మందుకు లొంగకుండా మొండికేశాయని కూడా ఈ ట్రయలే బయటపెట్టింది. అందుకే టీబీకి ఒకే మందు కాకుండా రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలైంది.

612 నుంచి 9,287.. ఏం జరుగుతోంది?

అదే సమయంలో బ్రిటన్‌ను ఇంకో అంకె భయపెడుతోంది. ఇంగ్లండ్, వేల్స్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 1922లో 612. 1947 నాటికి 9,287. అంటే పాతికేళ్లలో 15 రెట్లు! కార్ల పొగ వల్లా? కొత్తగా వేస్తున్న తారు రోడ్ల వల్లా? ఎవరి అనుమానాలు వాళ్లవి. డోల్ కూడా మొదట్లో రోడ్లనే అనుమానించారు.

ఇక్కడ సీల్డ్ కవర్ పద్ధతి పనిచేయదు. కొంతమందిని పిలిచి మీరు 20 ఏళ్లు సిగరెట్ తాగండి, మీరు తాగొద్దు అని చెప్పలేం కదా! అందుకే హిల్, డోల్ వెనక నుంచి ముందుకొచ్చారు. లండన్‌లోని 20 హాస్పిటళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్లు 709 మందిని, వేరే జబ్బులతో చేరిన అదే వయసు వాళ్లు 709 మందిని తీసుకున్నారు. జీవితంలో ఎప్పుడు ఏం తాగారో అందరినీ ఒకే తీరున అడిగారు.

1950 సెప్టెంబర్ 30న ఫలితం వచ్చింది. క్యాన్సర్ ఉన్న 649 మంది మగవాళ్లలో అసలు పొగ అలవాటు లేనివాళ్లు ఇద్దరంటే ఇద్దరు. క్యాన్సర్ లేని 649 మందిలో 27 మంది.

జబ్బు వచ్చిందన్న భయంతో పేషెంట్లు ఎక్కువ చేసి చెప్పారేమో? ఆ అనుమానం వాళ్లకూ వచ్చింది. సర్వేలో కొందరికి మొదట క్యాన్సర్ అనుకుని, తర్వాత కాదని తేలింది. వాళ్ల పొగ లెక్క చూస్తే క్యాన్సర్ లేనివాళ్లతోనే సరిపోయింది. అంటే భయం వల్ల లెక్క మారలేదన్నమాట. సర్వే నడుస్తుండగానే డోల్ తన సిగరెట్ మానేశారు.

డాక్టర్లందరికీ ఒక ఉత్తరం

అయినా చాలామంది నమ్మలేదు. అప్పుడు హిల్ లెక్కను తిరగేశారు. జబ్బు వచ్చాక వెనక్కి చూడటం కాదు.. ఇవాళ అలవాటు రాసుకుని రేపు ఏమవుతుందో చూద్దాం అన్నారు. ముందే అంచనా వేసి, అది నిజమవుతుందో లేదో కాలానికే వదిలేయడం అన్నమాట.

ఎవరిని అడగాలి? డాక్టర్లనే! వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఉంటాయి, చనిపోతే వివరం తెలుస్తుంది, ప్రశ్న అర్థమవుతుంది. 1951 అక్టోబర్‌లో బ్రిటన్ డాక్టర్లకు దాదాపు 60 వేల ఉత్తరాలు వెళ్లాయి. 40 వేల మందికి పైగా జవాబిచ్చారు.

రెండున్నరేళ్లు గడవకముందే అంకెలు మాట్లాడాయి. 35 ఏళ్లు దాటిన 24,389 మంది మగ డాక్టర్లలో 789 మంది చనిపోయారు. అందులో 36 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో. ఆ 36 మందిలో పొగ అలవాటు లేనివారు ఒక్కరూ లేరు. ఎంత ఎక్కువ తాగితే ముప్పు అంత ఎక్కువ. రోజుకు 25 సిగరెట్లు, ఆపైన తాగేవాళ్లలో ఈ మరణాల రేటు, కొద్దిగా తాగేవాళ్ల కంటే రెట్టింపు దాటింది. 1954లో ఈ రిపోర్ట్ వచ్చింది. అదే ఏడాది హిల్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

ఎదురు తిరిగిన దిగ్గజం.. మన సీఆర్ రావు గురువు!

ఇక్కడే ఒక పెద్ద ట్విస్ట్. హిల్‌కు ఎదురు నిలిచింది మామూలు మనిషి కాదు. ఆధునిక స్టాటిస్టిక్స్‌కు పితామహుడని పేరున్న సర్ రోనాల్డ్ ఫిషర్. ర్యాండమైజేషన్ అనే ఆలోచనను పొలాల ప్రయోగాల్లో నిలబెట్టింది ఆయనే. తెలుగువారు గర్వంగా చెప్పుకునే స్టాటిస్టిక్స్ దిగ్గజం సీఆర్ రావు.. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ చదివి, కేంబ్రిడ్జ్‌లో 1948లో పీహెచ్‌డీ చేసింది ఈ ఫిషర్ దగ్గరే.

ఫిషర్ పైపు తాగేవారు. పొగాకు కంపెనీల కమిటీకి సలహాదారుగానూ ఉన్నారు. అయితే ఆయన ప్రశ్నను అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. కాకి వాలింది.. తాటిపండు రాలింది. అంతమాత్రాన కాకి వల్లే రాలిందంటామా? సిగరెట్ మీద ఇష్టం కలిగించే జన్యువే క్యాన్సర్‌ను కూడా తెస్తోందేమో? అలాగైతే సిగరెట్ అమాయకురాలే కదా అన్నది ఆయన వాదన.

దీనికి గట్టి జవాబు 1959లో అమెరికా నుంచి వచ్చింది. జెరోమ్ కార్న్‌ఫీల్డ్ అనే బయోస్టాటిస్టిషియన్, ఆయన సహచరులు ఒక చిన్న లెక్క వేశారు. పొగ తాగేవాళ్లలో క్యాన్సర్ 9 రెట్లు ఎక్కువ ఉంటే, అదంతా ఏదో జన్యువు పనే అనాలంటే, ఆ జన్యువు పొగ తాగేవాళ్లలో కనీసం 9 రెట్లు ఎక్కువగా ఉండాలి. అంత బలమైన జన్యువు ఎక్కడుంది? ఎవరూ చూపించలేకపోయారు. 1962లో బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్, 1964లో అమెరికా సర్జన్ జనరల్.. ఇద్దరి రిపోర్టులూ సిగరెట్‌నే దోషిగా తేల్చాయి. ఫిషర్ మాత్రం 1962లో చనిపోయే వరకు మెత్తబడలేదు.

కారణం ఏంటో తేల్చే 9 చూపులు

1961లో హిల్ రిటైర్ అయ్యారు. అదే ఏడాది సర్ బిరుదు వచ్చింది. కానీ ఆయన పేరు ఎక్కువగా వినిపించేది 1965 జనవరిలో లండన్‌లో ఇచ్చిన ఒక ప్రసంగం వల్లే. రెండు విషయాలు కలిసి కనిపిస్తే, ఒకటి రెండోదానికి కారణమని ఎప్పుడు చెప్పొచ్చు? ఇదీ ఆ ప్రసంగం సారాంశం. ఇందుకు 9 కోణాలు చెప్పారు.

సంబంధం ఎంత బలంగా ఉంది? వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషులు చూసినా అదే తేలిందా? ఫలానా జబ్బుకే పరిమితమా? కారణం ముందు, జబ్బు తర్వాత వచ్చిందా? మోతాదు పెరిగితే ముప్పు పెరుగుతోందా? సైన్స్ ప్రకారం నమ్మదగ్గదేనా? ఆ జబ్బు గురించి ఇప్పటికే తెలిసిన విషయాలకు విరుద్ధంగా లేదుగా? కారణాన్ని తీసేస్తే జబ్బు తగ్గుతోందా? ఇలాంటివి ఇంతకుముందు ఎక్కడైనా చూశామా?

చాలామంది వీటిని పరీక్షలో మార్కుల్లా లెక్కపెడతారు. హిల్ అలా చెప్పలేదు. ఇవి ఆలోచనకు సాయమే తప్ప చట్టాలు కావన్నారు. అంతేకాదు.. లెక్కల పరీక్షల మీద అతి మోజు వద్దని లెక్కల ప్రొఫెసరే హెచ్చరించారు. సైన్స్ ఎప్పుడూ అసంపూర్ణమే, రేపు కొత్త విషయం తెలియొచ్చు, అలాగని ఇవాళ తెలిసినదాని మీద చర్య తీసుకోకుండా కూర్చోవడానికి అది సాకు కాదన్నది ఆయన చివరి మాటల భావం.

మనకేంటి సంబంధం?

చాలానే ఉంది. 1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ సెంటర్ పెట్టారు. ఇందులో హిల్ పనిచేసిన బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కూడా భాగస్వామి. పేషెంట్లలో ఎవరు శానిటోరియంలో, ఎవరు ఇంటి దగ్గర మందులు తీసుకోవాలన్నది అదే యాదృచ్ఛిక పద్ధతిలో తేల్చారు. ఫలితం? ఇంటి దగ్గర వైద్యం దాదాపు అంత బాగానే పనిచేసింది. పేదవాళ్లు నెలల తరబడి శానిటోరియంలో ఉండక్కర్లేదని ప్రపంచానికి తెలిసింది అక్కడి నుంచే.

కోవిడ్ టైమ్‌లో హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్ మూడో దశ ట్రయల్స్‌లో దాదాపు 25,800 మంది పాల్గొన్నారు. ఎవరికి టీకా, ఎవరికి డమ్మీ అన్నది తేల్చిందీ ర్యాండమైజేషనే. 107 మందితో మొదలైన దారి అక్కడిదాకా వచ్చింది.

ఇక పొగాకు సంగతి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పొగాకు ఎన్నో కుటుంబాలకు తిండి పెట్టిన పంట. అదే ఆంధ్రలో, ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ అలవాటు ఎక్కువగా ఆడవాళ్లలో ఉండేది. నోటి పైభాగంలో వచ్చే క్యాన్సర్‌కు దానికీ సంబంధం ఉందని విశాఖ ప్రాంతంలో జరిగిన పరిశోధనలు చూపించాయి.

93 ఏళ్లు బతికారు!

20 ఏళ్లకే పోతాడనుకున్న కుర్రాడు 1991 ఏప్రిల్ 18న, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. డాక్టర్ల సర్వే మాత్రం ఆయన తర్వాత కూడా ఆగలేదు. డోల్, సహచరులు 2001 వరకు, మొత్తం 50 ఏళ్లు నడిపించారు. 2004లో ఫలితం వచ్చింది. సిగరెట్ కొనసాగించినవాళ్లు సగటున 10 ఏళ్ల ఆయుష్షు కోల్పోయారు.

కానీ ఇందులోనే ఒక మంచి వార్త కూడా ఉంది. 60 ఏళ్లకు మానేసినా 3 ఏళ్లు, 50కి మానేస్తే 6 ఏళ్లు, 40కి మానేస్తే 9 ఏళ్లు, 30కే మానేస్తే దాదాపు ఆ 10 ఏళ్లూ తిరిగొస్తాయని ఆ లెక్క చెప్పింది. అంటే ఏ వయసులో మానేసినా లాభమే.

ఇది చదువుతున్న మీ జేబులో ప్యాకెట్ ఉంటే ఒకసారి తీసి చూడండి. దాని మీద క్విట్‌లైన్ నంబర్ ఉంటుంది.. 1800-11-2356. టోల్ ఫ్రీ. మీకు అలవాటు లేకపోతే ఇంట్లో నాన్నకో, బాబాయ్‌కో ఈ కథ చూపించండి. వాళ్ల వయసు ఎదురుగా ఎన్నేళ్లు రాసి ఉందో చూపిస్తే చాలు. ఆ లెక్క కట్టిపెట్టింది జీవితాంతం డాక్టర్ కాలేకపోయిన ఒక మనిషి.